గుడియాత్తం నుంచి వేలూరుకు రెండు నిమిషాలు

గుడియాత్తం నుంచి వేలూరుకు గాలిదారి దూరం ఇరవై ఎనిమిదిన్నర కిలోమీటర్లు. చెన్నై నుంచి ఢిల్లీకి పోయే మామూలు జెట్ విమానం పైకెక్కి నిలదొక్కుకున్నాక గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని హైస్కూల్లో లెక్కల మాస్టారు చెప్పిందే కదా, భాగించండి. రెండు నిమిషాల నాలుగు సెకన్లు. గుడియాత్తం బస్టాండులో వేలూరు బస్సు కదిలి, కండక్టరు మొదటి వరస టికెట్లు కొట్టేలోపే విమానం వేలూరు కోట మీద ఉండాలి.

లెక్కలో తప్పేమీ లేదు. అలాంటి విమానమే లేదు. గుడియాత్తంలో రన్‌వే లేదు. వేలూరుకు పడమరగా అబ్దుల్లాపురంలో పాత ఎయిర్‌స్ట్రిప్ ఒకటుంది కానీ దాని పొడవు కిలోమీటరు కూడా లేదు. నిండుగా మనుషుల్నీ ఇంధనాన్నీ ఎక్కించుకున్న ఎయిర్‌బస్ నేల విడవాలంటే రెండు కిలోమీటర్ల పరుగు కావాలి. పోనీ రెండు ఊళ్లలోనూ రన్‌వేలు కట్టామే అనుకుందాం. అప్పుడూ ఆ రెండు నిమిషాలు దక్కవు. లేచిన విమానం 35 వేల అడుగులకు చేరడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోగా అది ముందుకు దాదాపు రెండు వందల కిలోమీటర్లు పోతుంది. గుడియాత్తంలో లేచింది వేలూరు, ఆర్కాటు, కాంచీపురం, చెన్నై అన్నీ వెనకేసుకుని బంగాళాఖాతం మీదికి పోయాక గానీ ఆ ఎత్తుకు అందదు. అందాక వేలూరులో దిగడానికి మళ్లీ వెనక్కి తిరగాలి.

దూరం, వేగం, కాలం. ఈ మూడింటి భాగహారం రైలుకు కొంతవరకు నప్పుతుంది, బస్సుకు ఇంకొంచెం తక్కువ నప్పుతుంది. విమానానికి మాత్రం ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దగ్గరా నప్పదు, పద్నాలుగు వేల కిలోమీటర్ల దగ్గరా నప్పదు. రెండు చోట్లా కారణాలు వేరు.

ముందు దూరం సంగతి. గుడియాత్తం 12.94 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.87 డిగ్రీల తూర్పు రేఖాంశం. వేలూరు 12.92, 79.13. అక్షాంశంలో తేడా లేనట్టే. రేఖాంశంలో తేడా 0.26 డిగ్రీలు. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం అంటే 111 కిలోమీటర్ల పైచిలుకు. మన పదమూడో అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి అది 108.5కు తగ్గుతుంది. గుణించండి, ఇరవై ఎనిమిది దాటుతుంది. మిగతా అరకొర అక్షాంశం తేడా పూరిస్తుంది. అంతే, ఇందులో విద్యేమీ లేదు. విద్యంతా ఆ అంకెలు ఎలా దొరికాయన్న దాంట్లో ఉంది.

1802లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ పక్కన చదును నేల మీద ఏడున్నర మైళ్ల గీతను ఉక్కు గొలుసుతో అంగుళం అంగుళం కొలిచాడు. ఆ గీతను ఒక భుజంగా తీసుకుని, దూరపు కొండ మీది గుర్తును థియొడొలైట్‌తో చూసి కోణాలు కొలిచి, త్రిభుజం మీద త్రిభుజం కడుతూ పడమటికి నడిచాడు. మద్రాసుకూ బెంగుళూరుకూ మధ్య ఆయనకు అచ్చివచ్చినవి వేలూరు, చిత్తూరు చుట్టుపక్కలి ఉత్తర ఆర్కాటు కొండలే. చుట్టూ మైదానం, మధ్య మధ్య బోడి గుట్టలు ఉన్న నేల సర్వేయరుకు దొరకడం అదృష్టం. 1804లో బెంగుళూరు దగ్గర మరో గీతను నేల మీద కొలిచి చూస్తే, మద్రాసు నుంచి త్రిభుజాల మీద లెక్కకట్టి తెచ్చిన పొడవుకూ దానికీ ఏడు మైళ్లలో తేడా నాలుగంగుళాల లోపే వచ్చింది. త్రిభుజాలు మంగుళూరు తీరం చేరేసరికి ఇంకో సంగతి బయటపడింది. మద్రాసు నుంచి మంగుళూరుకు 400 మైళ్లని పాత పటాలు చెబుతుంటే, లెక్కలో 360 మైళ్లే తేలాయి. లేని నలభై మైళ్ల నేలను కుంపిణీ వాళ్లు అన్నాళ్లూ పటంలో ఏలుతున్నారన్నమాట.

ఈ సర్వే కోసమే తయారైన భూమి ఆకారం లెక్క 'ఎవరెస్ట్ 1830' పేరుతో భారతదేశ పటాలకు చాలాకాలం ఆధారంగా ఉంది. ఈనాటి జీపీఎస్ వాడే లెక్కకూ దానికీ భూమధ్యరేఖ దగ్గర భూ వ్యాసార్థంలో తేడా 861 మీటర్లు. ఉపగ్రహాలు లేని కాలంలో గొలుసుతో, గాజుకంటితో మొదలైన పనికి ఇది చాలా గొప్ప దగ్గరితనం.

ఇక ఆ రెండు నిమిషాల దగ్గరికి వద్దాం. గుడియాత్తంలో లేచి వేలూరులో దిగే విమానం లేదన్నాను కానీ, గుడియాత్తం ఎదురుగా నుంచి వేలూరు ఎదురుగా దాకా పోయే విమానాలు రోజూ ఉన్నాయి. బెంగుళూరు నుంచి చెన్నైకి పోయేవి.

పటం మీద బెంగుళూరు దేవనహళ్లి విమానాశ్రయం నుంచి చెన్నై మీనంబాక్కానికి గీత గీయండి. పొడవు 268 కిలోమీటర్లు. ఆ గీత వేలూరు మీదుగా పోదు, చిత్తూరు మీదుగానూ పోదు, సరిగ్గా రెండింటి నడుమ నుంచి పోతుంది. చిత్తూరుకు పదిహేను కిలోమీటర్లు దక్షిణం, వేలూరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఉత్తరం. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఇటూ అటూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఇప్పుడు గీతకు కింద రాష్ట్రాల సరిహద్దు ఉంది. పైన ఏమీ లేదు.

విమానం దిగడానికి పైలట్ల నోటిలెక్క ఒకటుంది, మూడింటికి ఒకటి అని. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్లు ముందుకు పోనివ్వాలి. అంతకంటే నిటారుగా దించితే వేగం పెరిగిపోతుంది, మరీ తక్కువ వాలుతో దించితే కింద దట్టమైన గాలిలో ఎక్కువసేపు పోయి ఇంధనం దండగవుతుంది. బెంగుళూరు–చెన్నై లాంటి పొట్టి దారిలో 35 వేల అడుగులకు ఎక్కే వ్యవధి ఉండదు కాబట్టి పాతిక వేల అడుగులనుకుందాం. దిగడానికి 75 నాటికల్ మైళ్లు కావాలి, అంటే 139 కిలోమీటర్లు. మీనంబాక్కం నుంచి పడమటికి 139 కిలోమీటర్లు వెనక్కి కొలిస్తే ఎక్కడ తేలతాం? గుడియాత్తం రేఖాంశం దగ్గర.

కంట్రోలరు మధ్యలో ఆపకపోతే, విమానం గుడియాత్తానికి ఎదురుగా వచ్చేసరికి పైలట్ ఇంజన్ల జోరు తగ్గిస్తాడు, ముక్కు కాస్త కిందికి వాలుతుంది. వేలూరుకు ఎదురుగా వచ్చేసరికి అది ఇరవై వేల అడుగుల చిల్లరలో ఉంటుంది. నేల మీది వేగం గంటకు 750 కిలోమీటర్లనుకుంటే ఈ ఇరవై ఎనిమిది కిలోమీటర్లకు పట్టేది రెండు నిమిషాల పదహారు సెకన్లు. మన భాగహారం చెప్పిన రెండు నిమిషాలు ఇవే. ఎక్కడం అయిపోయి, నిలకడగా పోవడం ముగిసి, దిగడం మొదలయ్యే చోట ఉన్నాయవి. పాపం, వాటికి అటో ఇటో రన్‌వే లేదు.

దీన్ని కళ్లతో చూడొచ్చు కూడా. మబ్బు లేని ఉదయం వేలూరు కోట గోడ మీద నిలబడి ఉత్తరానికి, కాట్పాడి వైపు తిరగండి. చెయ్యి చాచి, దిగంతం నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టండి. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఆరు కిలోమీటర్ల పైఎత్తున పోయే విమానం పందొమ్మిది డిగ్రీల దగ్గర, అంటే రెండో పిడికిలి అంచున కనబడాలి. గుడియాత్తంలో ఇంకొంచెం పైన, రెండున్నర పిడికిళ్ల దగ్గర. ఎడమ నుంచి కుడికి పోతే చెన్నైది, కుడి నుంచి ఎడమకు పోతే బెంగుళూరుది.

అయినా టికెట్టు మీద ఈ 268 కిలోమీటర్ల ప్రయాణానికి గంట, గంటా పది నిమిషాలు రాసి ఉంటుంది. గాలిలో ఉండేది అందులో నలభై నిమిషాలకు అటూ ఇటూ. టికెట్టు లెక్క రెక్కల లెక్క కాదు, చక్రాల లెక్క. గేటు దగ్గర చక్రాలు కదిలిన క్షణం నుంచి అవతలి గేటు దగ్గర ఆగిన క్షణం దాకా. రన్‌వే దాకా నింపాదిగా పోవడం, వరసలో నిలబడడం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం అంతా దాంట్లోనే. మీనంబాక్కం పెద్ద రన్‌వే ఇంచుమించు తూర్పు–పడమరలుగా ఉంది. విమానం గాలికి ఎదురుగానే దిగాలి. ఈశాన్య గాలి వీచే రోజుల్లో బెంగుళూరు నుంచి వచ్చేది ముక్కుసూటిగా దిగిపోతుంది. పడమటి గాలి వీచే ఆషాఢ శ్రావణాల్లోనైతే రన్‌వేను దాటి సముద్రం మీదికి పోయి, వెనక్కి తిరిగి, తూర్పు వైపు నుంచి దిగాలి. అదే ఊరు, అదే దూరం, పది నిమిషాలు అదనం. ఇవన్నీ తెలిసే విమాన సంస్థలు టైంటేబుల్లో కొంత వెసులుబాటు పెట్టుకుంటాయి. పైలట్ 'పది నిమిషాలు ముందే వచ్చేశాం' అని మైకులో మురిసిపోవడం వెనక రహస్యం ఎక్కువగా ఇదే.

పొట్టి దారి కథ ఇది. పొడుగు దారి కథ వేరే.

వేలూరులో 1984లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన విఐటిలో చదివిన తెలుగు పిల్లల్లో కాలిఫోర్నియా చేరినవాళ్లు తక్కువేం కాదు. పండగకొచ్చిన కొడుకుని చిత్తూరు జిల్లా తల్లి అడిగే మొదటి మాట 'ఎంతసేపు పట్టె నాయనా?' అనే. దానికి జవాబు కోసం బడిలో గోడకు వేలాడే ప్రపంచ పటం చూస్తే మోసపోతాం. ఆ పటం మీద బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది బంగాళాఖాతం, థాయిలాండ్, పసిఫిక్ మహాసముద్రం మీదుగా తూర్పుకు సాగుతుంది. ఆ గీత పొడవు సుమారు 16,100 కిలోమీటర్లు. గ్లోబు మీద అవే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే 13,990. దారం పసిఫిక్ వైపు చూడనే చూడదు. బెంగుళూరు నుంచి దాదాపు ఉత్తరానికి, ఇరవై డిగ్రీలు మాత్రమే తూర్పుకు ఒరిగి బయల్దేరుతుంది. టిబెట్, చైనా, సైబీరియా దాటి 71వ ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కణ్ణించి అమెరికా పడమటి తీరానికి దిగుతుంది. ఉండ మీద దగ్గరి దారి ఉండ కేంద్రాన్ని తాకుతూ కోసిన కోత అంచున ఉంటుంది. పటం ఉండను చదును చేసింది కాబట్టి ఆ దారి మనకు వంకరగా కనబడుతుంది. భూమి నికార్సైన ఉండ కాదు, ధ్రువాల దగ్గర నొక్కినట్టుంటుందని పట్టించుకున్నా ఈ దూరంలో మారేది కొద్ది కిలోమీటర్లే.

మరి 13,990ని 900తో భాగిస్తే? పదిహేనున్నర గంటలు. జరిగిందేమిటో చూద్దాం.

2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకు ఎయిర్ ఇండియా బోయింగ్ 777 శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచింది. బెంగుళూరుకు ఆ దారిలో అది మొదటి విమానం. నడిపింది కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో నలుగురు మహిళా పైలట్లు. వారిలో ఒకరు కెప్టెన్ పాపగారి తన్మయి. ఆ తెలుగు ఇంటిపేరు చూసి మన పాఠకులు ఒక్క క్షణం ఆగుతారు, ఆగాల్సిందే. విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి, జనవరి 11 తెల్లవారుజామున మూడు దాటాక దేవనహళ్లిలో దిగింది. పట్టిన కాలం సుమారు పదిహేడు గంటలు. నడిచిన దూరం 13,990 కాదు, దాదాపు 16,000.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. బయల్దేరింది రాత్రి. జనవరిలో ధ్రువం దగ్గర నెలల తరబడి సూర్యుడు పొడవడు. విమానం ధ్రువం దాటి సైబీరియా వైపు దిగేసరికి అక్కడ మళ్లీ సాయంకాలం దాటిపోయింది. బెంగుళూరు చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. లెక్కేసి చూస్తే పదిహేడు గంటలూ చీకటే. జనవరి 10 అనే పగలు ఆ ప్రయాణికుల జీవితంలో లేదు.

దగ్గరి దారి కళ్లముందు ఉండగా రెండు వేల కిలోమీటర్లు చుట్టు తిరిగి రావడం ఏమిటి? గాలి వల్ల. విమానానికి నేలతో పనిలేదు. అది తన చుట్టూ ఉన్న గాలితోనే వేగం కొలుచుకుంటుంది. ఆ గాలి తనంతట తాను కదులుతుంటే విమానాన్ని కూడా మోసుకుపోతుంది, గోదావరి తెప్పను మోసుకుపోయినట్టు. మధ్య అక్షాంశాల్లో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ఇరుకైన గాలి పట్టీలు ఉంటాయి. జెట్ స్ట్రీములు అంటారు. చలికాలంలో జపాన్ మీద ఇవి గంటకు 300 కిలోమీటర్లు దాటిపోవడం కూడా ఉంది. అమెరికా నుంచి పసిఫిక్ మీదుగా మనవైపు రావాలంటే ఈ గాలికి ఎదురీదాలి. ధ్రువం మీదుగా వస్తే ఆ బెడద తగ్గుతుంది. 16,000ను పదిహేడుతో భాగించి చూడండి, గంటకు 940 వస్తుంది. గాలి అడ్డుపడకపోవడమే కాదు, కాస్త చెయ్యి కూడా అందించింది.

ఇంతకంటే ముక్కుసూటి ఉదాహరణ 2016 అక్టోబరులో జరిగింది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అంతకుముందు యూరప్, అట్లాంటిక్ మీదుగా పోయేది. దాన్ని పసిఫిక్ వైపు మళ్లించారు. దూరం దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. కాలం సుమారు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలయింది. సగటున గంటకు 1,055 కిలోమీటర్లు. ఆ ఎత్తున ధ్వని వేగం గంటకు సుమారు 1,060. అంటే ప్రయాణికులు నేల లెక్కన దాదాపు ధ్వని వేగంతో పోయి, కాఫీ కూడా ఒలకకుండా దిగారు. విమానం తన చుట్టూ గాలి లెక్కన ఎప్పట్లాగే ధ్వని వేగంలో నూటికి ఎనభై నాలుగు పాళ్లే పోయింది.

పోయేటప్పుడు వెనకగాలి, వచ్చేటప్పుడు ఎదురుగాలి, చివరికి రెండూ చెల్లుకు చెల్లు అనుకుంటారు చాలామంది. చెల్లవు. దూరం 9,000 కిలోమీటర్లు, విమానం వేగం 900 అనుకోండి. గాలి లేకపోతే పోను పది, రాను పది, ఇరవై గంటలు. గంటకు వంద కిలోమీటర్ల గాలి ఉంటే పోను తొమ్మిది గంటలు, రాను పదకొండుంబావు, మొత్తం ఇరవైంబావు. ఆ పావుగంట ఎక్కణ్ణించి వచ్చిందంటే, కలిసొచ్చే గాలిలో మనం తక్కువసేపు ఉంటాం, కలిసిరాని గాలిలో ఎక్కువసేపు ఉంటాం. మోసేది తొమ్మిది గంటలే మోస్తుంది, అడ్డుపడేది పదకొండుంబావు గంటలు అడ్డుపడుతుంది. గాలి ఎటు వీచినా, ఎంత వీచినా, రానూపోనూ కలిపితే నష్టమే.

జెట్ స్ట్రీములంటే జపాన్ గురించీ అట్లాంటిక్ గురించీ చెప్పుకోవడం అలవాటైపోయింది. వేలూరు నెత్తిమీద ఒకటి ఉందని వేలూరులో ఎంతమందికి తెలుసో మరి. పైగా అది ప్రపంచంలోని పెద్ద జెట్‌లకు విరుద్ధం. అవన్నీ పడమటి నుంచి తూర్పుకు వీస్తే ఇది తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాలు నడిచినన్నాళ్లూ, చెన్నై–వేలూరు–బెంగుళూరు అక్షాంశానికి అటూ ఇటూ, పద్నాలుగు నుంచి పదహారు కిలోమీటర్ల ఎత్తున దీని నడుము ఉంటుంది. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. కింద కొబ్బరాకులు ఊపే గాలి పడమటి నుంచి వీస్తుంటే, సరిగ్గా దాని పైనే ఈ గాలి ఎదురు దిక్కుకు పరుగెడుతుంటుంది.

దీన్ని పట్టి, దాని తీరు వివరించి 1958లో 'టెల్లస్' అనే శాస్త్ర పత్రికలో పత్రం రాసింది మన తెలుగువాడు, పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ రోజుల్లో పైగాలి గురించి తెలిసేది బెలూన్ల వల్లనే. మీనంబాక్కంలాంటి కేంద్రాల్లో హైడ్రోజన్ బెలూనుకు పరికరం కట్టి వదిలి, అది కొట్టుకుపోయే దిక్కునూ జోరునూ బట్టి ఏ ఎత్తున గాలి ఎలా ఉందో లెక్కకట్టేవాళ్లు. ఉపగ్రహాలొచ్చినా బెలూన్లు పోలేదు. ఇప్పటికీ ఉదయం అయిదున్నర, సాయంత్రం అయిదున్నర గంటల లెక్కకు ప్రపంచమంతా ఒకేసారి ఎగరేస్తారు. పైలట్ చేతికొచ్చే గాలి పటంలో ఈ బెలూన్ల కొలతలు కూడా ఉంటాయి.

ఈ తూర్పు గాలి ఎందుకు పుడుతుందంటే టిబెట్ పీఠభూమి వల్ల. సముద్రమట్టానికి నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆ నేల ఎండకు కాగి, దాని మీది గాలిని అంత ఎత్తునే వేడెక్కిస్తుంది. రుతుపవన వర్షాల్లో ఆవిరి నీరయ్యేటప్పుడు విడిచే వేడి దానికి తోడవుతుంది. ఉత్తరాన వేడి, దక్షిణాన హిందూ మహాసముద్రం మీద అంతకంటే చల్లన. వేడెక్కిన గాలి ఉబ్బి పైన పీడనం పెంచుతుంది, అక్కణ్ణించి పై గాలి దక్షిణానికి జారబోతుంది. తిరిగే భూమి మీద ఉత్తరార్ధగోళంలో కదిలేది ఏదైనా కుడికి ఒరుగుతుంది. దక్షిణానికి పోయేదానికి కుడివైపు పడమర. అలా మన నెత్తిన తూర్పు గాలి. చలికాలం వచ్చి టిబెట్ చల్లబడగానే ఇది మాయమవుతుంది. ఉత్తర భారతం మీదికి పడమటి జెట్ వచ్చి కూర్చుంటుంది.

ప్రయాణికుడికి దీనివల్ల ఏమైనా తేడా ఉందా? ఉంది. చెన్నై–దుబాయ్ దూరం 2,930 కిలోమీటర్లు. విమానాలు పోయేది జెట్ నడుముకు కాస్త కిందగా, అందుకని దారి మొత్తం మీద సగటున గంటకు నలభై కిలోమీటర్ల తూర్పు గాలి ఉందనుకుందాం. 830 వేగంతో పోయే విమానం వెళ్లేటప్పుడు మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు తీసుకుంటుంది, వచ్చేటప్పుడు మూడు గంటల నలభై మూడు. చలికాలంలో గాలి తిరగబడితే అంకెలూ తిరగబడతాయి. ఏ నెలలో అని అడగకుండా చెన్నై నుంచి దుబాయ్‌కి ఎంతసేపు అనే ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లను అంతగా నమ్మనక్కర్లేదు.

గాలి కాక ఇంకో అడ్డంకి ఉంది, దానికి భౌతికశాస్త్రంతో సంబంధం లేదు. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ వైమానిక దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని జులై దాకా మూసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత భారత విమానాలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయేవి అరేబియా సముద్రం వైపు చుట్టు తిరిగాయి. కొన్ని అమెరికా విమానాలు ఇంధనం కోసం మధ్యలో యూరప్‌లో దిగాయి. 2022లో రష్యా ఆకాశం అమెరికా, యూరప్ సంస్థలకు మూసుకుపోయింది కానీ ఎయిర్ ఇండియాకు తెరిచే ఉంది. అంటే గ్లోబు మీద బిగించిన ఒకే దారం మీద ఒక దేశపు విమానం పోవచ్చు, ఇంకో దేశపు విమానం పోకూడదు.

ఇక మిగిలింది నేల. వేలూరుకు నిజంగా విమానంలో వచ్చేవాళ్లలో ఎక్కువమంది సిఎంసి ఆసుపత్రికి వచ్చే రోగులు, వాళ్ల బంధువులు. బెంగాల్, అస్సాం, జార్ఖండ్, బంగ్లాదేశ్. ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో లాడ్జి బోర్డులు బెంగాలీలో ఉంటాయి, హోటళ్లలో చేపల పులుసు అన్నం దొరుకుతుంది. కోల్‌కతా నుంచి చెన్నైకి 1,385 కిలోమీటర్లు, టికెట్టు మీద రెండున్నర గంటలు. మీనంబాక్కం నుంచి వేలూరుకు రోడ్డు మీద దాదాపు 130 కిలోమీటర్లు, శ్రీపెరంబుదూరు దగ్గర లారీలు కరుణిస్తే రెండున్నర గంటలు, లేకపోతే మూడు. ప్రయాణంలో మొదటి తొంభై పాళ్లకు పట్టిన కాలమే చివరి పది పాళ్లకూ పడుతుంది. అందులో విమానాశ్రయాల్లో నిరీక్షణ కలపనేలేదు.

అబ్దుల్లాపురం ఎయిర్‌స్ట్రిప్‌ను చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో చేర్చి పంతొమ్మిది సీట్ల చిన్న విమానాలకు సిద్ధం చేయాలన్న ఆలోచన ఇక్కణ్ణించి వచ్చిందే. ఆ రన్‌వేకు డోర్నియర్ 228 లాంటివి సరిపోతాయి. గంటకు నాలుగు వందల కిలోమీటర్లు పోయే అలాంటి విమానానికి చెన్నై నుంచి గాలిలో పాతిక నిమిషాలు చాలు. కానీ కోల్‌కతా విమానం దిగినవాళ్లు సామాను తీసుకుని, మళ్లీ తనిఖీ చేయించుకుని, ఎక్కి, దిగి, అబ్దుల్లాపురం నుంచి ఆసుపత్రికి ఆటో పట్టుకునేసరికి రెండు గంటలు దాటతాయి. 2022 నవంబరులో మొదలైన చెన్నై–మైసూరు వందే భారత్, సెంట్రల్‌లో ఎక్కినవాళ్లను గంటన్నరలోపు కాట్పాడిలో దింపుతోంది. నా మటుకు నాకు, చెన్నై–వేలూరు మధ్య ఆ పంతొమ్మిది సీట్ల విమానం డబ్బు దండగే. కాలు కింద పెట్టలేని రోగికి ఎయిర్ అంబులెన్స్‌గా దిగడానికైతే అదే రన్‌వే విలువ వేరు. అప్పుడు లెక్క ఇన్ని సీట్లు, ఇన్ని ట్రిప్పులని ఉండదు, రోగి ఎంతసేపు రోడ్డు మీద ఉండాలన్న దాని మీద ఉంటుంది. గువాహటి నుంచి మీనంబాక్కం మీదుగా వస్తే కనీసం రెండున్నర గంటలు. నేరుగా అబ్దుల్లాపురంలో దిగితే అందులో చాలా భాగం తగ్గుతుంది.